వకీలు లేని కేసులో ఏఐకి ఏ పని చెప్పాలి?

ప్రశ్న: అద్దె ఇల్లు ఖాళీ చేసి ఎనిమిది నెలలైంది. మూడు నెలల అద్దెకు సమానమైన అడ్వాన్సు యజమాని ఇంకా తిరిగి ఇవ్వలేదు. వకీలు ఫీజు భరించలేక కేసు నేనే వేసుకుని నేనే వాదించుకుంటున్నాను. అవతలి వకీలు నా పిటిషన్‌కు జవాబుగా పద్నాలుగు పేజీల కౌంటర్ వేశారు. సగం మాటలు నాకు అర్థం కాలేదు. ఒక ఏఐ యాప్‌ను అడిగితే నిమిషంలో జవాబు రాసిచ్చింది, మూడు తీర్పులు కూడా చూపించింది. పోయిన వాయిదాకు వాటిని లిఖితపూర్వక వాదనల్లో పెట్టేశాను. ఇప్పుడు వెతికితే అందులో ఒక తీర్పు ఎక్కడా కనబడడం లేదు. వచ్చే వాయిదాకు మూడు వారాలుంది. ఏం చేయాలి? ఇక ఏఐ జోలికి పోకూడదా?
– ఒక పాఠకురాలు

జవాబు: మానేయనక్కర్లేదు. అయితే ముందు ఆ దొరకని తీర్పు సంగతి తేల్చుకోవాలి. దానికి వాయిదా దాకా ఆగకండి.

మీ కోర్టు అధికారిక వెబ్‌సైట్‌లో ఇరుపక్షాల పేర్లతో వెతకండి. పేర్ల స్పెల్లింగు రెండు మూడు రకాలుగా మార్చి చూడండి. ఏఐ చెప్పిన ఏడాదికి ముందు ఏడాది, తర్వాతి ఏడాది కూడా చూడండి. కేసు నంబరుతో విడిగా ఒకసారి వెతకండి. అక్కడ లేకపోతే తీర్పులను ఉచితంగా ఉంచే భాండారాలున్నాయి: భారత్‌కు ఇండియన్ కానూన్, బ్రిటన్‌కు బెయిలీ, కెనడాకు కాన్‌లీ, ఆస్ట్రేలియాకు ఆస్ట్‌లీ. ఇంత వెతికినా దొరకలేదంటే ఆ తీర్పు లేదనే అనుకోండి. దొరికిన మిగతా రెండింటినీ మొదటి నుంచి చివరి దాకా చదవండి. తీర్పు ఉన్నంత మాత్రాన సరిపోదు. మీరు రాసిన మాట నిజంగా అందులో ఉందా, ఉంటే అది కోర్టు అన్న మాటేనా అని చూడాలి.

తర్వాత కోర్టుకు ఒక చిన్న మెమో వేయండి. ఇలా రాస్తే చాలు: “ఫలానా తేదీన నేను దాఖలు చేసిన లిఖితపూర్వక వాదనల 6వ పేరాలో ఉదహరించిన తీర్పును ఒక ఏఐ సాధనం ఇచ్చిన సమాచారం మీద ఆధారపడి చేర్చాను. తర్వాత వెతకగా అది దొరకలేదు. ఆ ఉదాహరణను ఉపసంహరించుకుంటున్నాను. దాన్ని పరిగణనలోకి తీసుకోవద్దని ప్రార్థిస్తున్నాను. సవరించిన ప్రతిని జతపరిచాను.” ఒక ప్రతి అవతలి వకీలుకు ఇచ్చి, అందినట్టు సంతకమో రసీదో తీసుకోండి. క్షమాపణలతో పేజీ నింపొద్దు. యాప్‌ను తిట్టొద్దు.

మీ అంతట మీరే చెప్పడం ఎందుకు ముఖ్యమో జరిగిన కేసులే చెబుతాయి. 2023 జూన్‌లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు, అవియాంకా విమాన సంస్థ మీద వేసిన ఒక కేసులో ఇద్దరు లాయర్లకూ వాళ్ల సంస్థకూ కలిపి 5,000 డాలర్ల జరిమానా వేసింది. ఛాట్‌జీపీటీ పుట్టించిన, అసలే లేని ఆరు తీర్పులను వాళ్లు కోర్టు ముందు పెట్టారు. కోర్టు నిలదీశాక కూడా వాటినే పట్టుకుని వేలాడడం న్యాయమూర్తికి పెద్ద తప్పుగా కనిపించింది. అదే ఏడాది డిసెంబరులో బ్రిటన్ పన్నుల ట్రైబ్యునల్ ముందు సొంతంగా వాదించుకున్న ఒక మహిళ తొమ్మిది తీర్పులు చూపితే తొమ్మిదీ లేనివే. అవి బ్రిటన్ తీర్పులన్నారు గానీ కొన్నింట్లో స్పెల్లింగు అమెరికాది. ఆమెకు ఆ సంగతి తెలియదని ట్రైబ్యునల్ నమ్మింది. అప్పీలు మాత్రం నెగ్గలేదు. 2025 జూన్‌లో లండన్ హైకోర్టు ముందుకు వచ్చిన ఒక వ్యవహారంలో 45 తీర్పులు ఉదహరిస్తే 18 లేనివని తేలింది. అక్కడ వెతుకులాట చేసింది కక్షిదారే. అతను ఇచ్చినదాన్ని లాయరు చూసుకోకుండా దాఖలు చేశారు. బ్రిటన్ న్యాయమూర్తులకిచ్చిన మార్గదర్శకాల్లో, వకీలు లేనివారు ఏఐ వాడినట్టు కనిపిస్తే ఏమేం సరిచూసుకున్నారో అడగమని ఉంది. మిమ్మల్నీ అడగొచ్చు. అప్పటికే మెమో ఫైల్లో ఉంటే మీ మాటకు విలువ ఉంటుంది.

ఏఐ ఇలా ఎందుకు చేస్తుందో తెలిస్తే ఎక్కడ నమ్మాలో ఎక్కడ నమ్మకూడదో మీకే అర్థమవుతుంది. ఇలాంటి యాప్ చాలాసార్లు తీర్పుల బీరువా తెరిచి చూసి చెప్పదు. ఇప్పటిదాకా వచ్చిన మాటల తర్వాత ఏ మాట రావడం సహజమో లెక్కగట్టి ఒక్కో ముక్కా పేర్చుకుంటూ పోతుంది. తీర్పును ఉదహరించే తీరుకు ఒక మూస ఉంటుంది: ఒక పేరు, ‘వర్సెస్’, ఇంకో పేరు, ఏడాది, సంపుటి, పేజీ. ఆ మూసలో నింపడం దానికి చాలా సులువు. నిజమైన తీర్పును ఎంత ధీమాగా చెబుతుందో కల్పితాన్నీ అంతే ధీమాగా చెబుతుంది. ఇంకో మాట కూడా గుర్తుంచుకోండి: న్యూయార్క్ కేసులో లాయరు అనుమానం వచ్చి “ఇది నిజమైన కేసేనా?” అని ఛాట్‌జీపీటీనే అడిగారు. అవునంది, పెద్ద డేటాబేసుల్లో ఉందని కూడా చెప్పింది. అబద్ధమాడినవాడినే సాక్షిగా పిలిచినట్టు అది. డబ్బు కట్టి వాడే, తీర్పుల భాండారానికి అనుసంధానించిన న్యాయ పరిశోధన సాధనాలను 2024లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పరీక్షిస్తే, అవి కూడా ఆరు ప్రశ్నల్లో కనీసం ఒకదానికి లేనిపోనిది చెప్పాయి. డబ్బు కట్టిన సాధనమైనా సరిచూసే పని తప్పదు.

ఏఐ నోటి నుంచి చట్టం తీసుకోవద్దు. మీ చేతిలో ఉన్న కాగితాల మీద దానిచేత పని చేయించండి. కాగితం మీ ముందుంటే అది తప్పు చెప్పిన చోట రెండు నిమిషాల్లో పట్టుకోగలరు. మీ దగ్గర లేని కాగితం గురించి చెబితే పట్టుకునే దారి లేదు.

వకీలు లేనివారు ఓడిపోవడానికి ఎక్కువగా చట్టం తెలియకపోవడమే కారణమనుకుంటారు. కాగితాలు కలగాపులగంగా ఉండడమే అంతకంటే పెద్ద కారణమని మా అభిప్రాయం. జడ్జి “నోటీసు ఎప్పుడిచ్చారు?” అని అడిగినప్పుడు ఫోన్లో వెతుక్కుంటూ నిలబడితే, నిజం మీ వైపే ఉన్నా వినే ఓపిక పోతుంది. ఏఐ నిజంగా అక్కరకొచ్చేది అక్కడే.

కాగితాలన్నీ తేదీ వరసలో పెట్టండి. ప్రతిదానికీ నకలు తీసి, నకలు మీద పెన్సిలుతో ప-1, ప-2 అని సంఖ్య వేయండి. స్కాన్ చేసి ఫైలు పేరు ముందు తేదీ పెట్టండి, ఏడాది ముందు, తర్వాత నెల, తర్వాత రోజు. అప్పుడు కంప్యూటర్లో వాటంతట అవే వరసలోకి వస్తాయి. అసలు కాగితాలను విడిగా కవర్లో దాచండి, వాటి మీద ఏమీ రాయొద్దు. స్కాన్‌లో అక్షరాలు గుర్తించేటప్పుడు 3ను 8గా, 1ని 7గా చదవడం మామూలే. చేతిరాత రసీదులైతే ఇంకా కష్టం. అందుకని తేదీలు, మొత్తాలు మాత్రం ఒక్కొక్కటే కంటితో పోల్చి చూసుకోండి.

ఇప్పుడు ఏఐకి ఇలా చెప్పండి: “నేను ఇచ్చే కాగితాల్లో ఉన్నది మాత్రమే వాడు. బయటి సమాచారం కలపొద్దు. ప్రతి సంఘటనకూ తేదీ, ఏం జరిగింది, ఎవరు చెప్పారు, ఏ కాగితం, ఏ పేజీ అనే ఐదు గడుల పట్టిక వెయ్యి. కాగితంలో లేనిదైతే ‘ఆధారం లేదు’ అని రాయి. తేదీలు ఒకదానికొకటి పొసగకపోతే విడిగా చూపించు.” ఆ చివరి వాక్యం వదలొద్దు. మీ పిటిషన్‌లో ఒక తేదీ, వాట్సాప్‌లో ఇంకో తేదీ ఉంటే అవతలి వకీలు పట్టుకునేది సరిగ్గా దాన్నే. ముందు మీకే తెలియాలి.

అన్నీ ఒకేసారి గుమ్మరించొద్దు. పొడవైన ఫైలు ఇస్తే మొదట్లోదీ చివర్లోదీ బాగా పట్టుకుని, నడిమి పేజీల్లోది జారవిడిచే అలవాటు ఈ యాప్‌ల వెనక పనిచేసే ఏఐ నమూనాలకుంది (మోడళ్లకు). పది, పదిహేను పేజీల చొప్పున ఇచ్చి, తర్వాత పట్టికలు కలపండి. తెలుగు పాఠం చాలా నమూనాల్లో ఇంగ్లీషు కంటే ఎక్కువ ముక్కలుగా చీలి ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి తెలుగు కాగితాలైతే ఇంకా తక్కువ పేజీలు ఇవ్వడం మంచిది. ప్రతి వరసనూ అసలు కాగితంతో పోల్చి టిక్కు పెట్టాకే పట్టిక పూర్తయినట్టు. నలభై వరసలున్నా ఒక సాయంత్రం పని.

ఇక కౌంటర్. పద్నాలుగు పేజీలు చూసి కంగారు పడొద్దు. వాటిలో చాలా భాగం అలవాటుగా రాసే మాటలే ఉంటాయి. ఒక్కో పేరా ఇచ్చి మూడు ప్రశ్నలు అడగండి: ఈ పేరాలో జరిగిందని చెబుతున్న విషయం ఏది, చట్టం గురించిన వాదన ఏది, దీనికి వాళ్లు ఏ కాగితాన్ని ఆధారంగా చూపారు? మూడో ప్రశ్నకు చాలా పేరాల్లో ‘ఏదీ చూపలేదు’ అని వస్తుంది. అది మీకు విలువైన సమాచారం. ఉదాహరణకు, గోడలు పాడయ్యాయన్న మాట ఉంది, ఫొటో లేదు. రంగులకు ఖర్చయిందన్నారు, బిల్లు లేదు. ఇలాంటివి ఎర్ర సిరాతో రాసుకోండి.

ఆ తర్వాత ప్రతి పేరాకూ మీ జవాబు మీరే తేల్చుకోవాలి: ఒప్పుకుంటున్నాను, కాదంటున్నాను, నాకు తెలియదు. చాలా దేశాల సివిల్ విధానంలో, స్పష్టంగా కాదనని ఆరోపణను ఒప్పుకున్నట్టే లెక్కించే వీలుంది. ఏఐ రాసిచ్చే జవాబుల్లో తరచూ దొర్లే లోపం ఇక్కడే ఉంది. “ప్రతివాది ఆరోపణలన్నీ నిరాధారం” అని గంభీరంగా ఒక్క ముక్కలో తేల్చేసి, 5వ పేరాకు విడిగా జవాబు లేకుండా వదిలేస్తుంది. మీరు రాయాల్సింది ఇలా ఉండాలి: “5వ పేరాలో నోటీసు ఇవ్వలేదన్నది నిజం కాదు. మార్చి 2న వాట్సాప్‌లో నోటీసు పంపాను. మార్చి 3న ప్రతివాది ‘సరే’ అని జవాబిచ్చారు. ప-7 చూడగలరు.” ఇందులో విశేషణం ఒక్కటీ లేదు, కానీ జడ్జికి కావలసినదంతా ఉంది. ఏఐ ముసాయిదాలోని ‘దుర్మార్గంగా’, ‘స్పష్టాతిస్పష్టంగా’ లాంటి మాటలు కొట్టేయండి.

అనువాదం దగ్గర ఒక ప్రమాదం ఉంది, మీ కేసులో అది నేరుగా తగులుతుంది. ఇంటి అద్దె విషయంలో మనం ‘అడ్వాన్సు’ అనేది ఖాళీ చేశాక తిరిగి రావలసిన పూచీ సొమ్మును. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ఏఐ దాన్ని ‘ముందుగా చెల్లించిన అద్దె’ అనే అర్థంలో రాసిందనుకోండి, ఆ సొమ్ము అద్దె కిందే సర్దుబాటైపోయిందని వాదించడానికి అవతలివారికి మీరే దారి తీసినట్టవుతుంది. అందుకని కేసుకు ప్రాణమైన ఐదారు మాటలకు ముందే అర్థం రాసిచ్చి, అనువాదమంతా అవే వాడమనండి. వచ్చిన అనువాదాన్ని వేరే సంభాషణలో పెట్టి మళ్లీ తెలుగులోకి తిప్పించి చూడండి. వాది, ప్రతివాది తారుమారైన చోట్లు, ‘లేదు’ ఎగిరిపోయిన చోట్లు అప్పుడు బయటపడతాయి. కోర్టులో సాక్ష్యంగా పెట్టే కాగితానికి మాత్రం ఈ అనువాదం చెల్లకపోవచ్చు. ధ్రువీకరించిన అనువాదం కావాలేమో కార్యాలయంలో అడగండి.

చట్టం విషయానికొస్తే, సెక్షన్ పాఠాన్ని ప్రభుత్వ వెబ్‌సైట్ నుంచి మీరే తెచ్చుకోండి. తాజా సవరణలు కలిసిన ప్రతి కావాలి. దాన్ని ఏఐ ముందు పెట్టి “ఈ పాఠం ఆధారంగానే చెప్పు, ఏ ఉపసెక్షన్ నుంచి చెబుతున్నావో ఆ వాక్యాన్ని అక్షరం మార్చకుండా ఎత్తి చూపు” అనండి. అది చూపిన వాక్యం అసలు పాఠంలో ఉందో లేదో వెతికి చూసుకోండి. వాక్యం దొరకకపోతే జవాబు మొత్తం పక్కన పెట్టండి. తీర్పుకూ ఇదే పద్ధతి. తీర్పు పీడీఎఫ్ మీరు తెచ్చి ఇవ్వాలి. అది తెచ్చిపెట్టే పని ఏఐది కాదు.

తీర్పు చదివేటప్పుడు లేని తీర్పు కంటే ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఉన్న తీర్పును తప్పుగా చదవడం దగ్గర. తీర్పులో జడ్జి ముందు ఇరుపక్షాల వాదనలు రాస్తారు, ఆ తర్వాతే తన నిర్ణయం. ఏఐ ఓడిపోయినవారి వాదనను ఎత్తి ‘కోర్టు ఇలా అన్నది’ అని చెప్పడం తరచూ జరుగుతుంది. కాబట్టి మీరు వాడే పేరాకు ముందు రెండు పేరాలు, వెనక రెండు పేరాలు చదవండి. అది మీ కోర్టును కట్టుబడి ఉంచే కోర్టు తీర్పా, వేరే రాష్ట్రానిదో వేరే దేశానిదో చూడండి. తర్వాత పై కోర్టు కొట్టేసిందేమో, చట్టమే మారిందేమో చూడండి. ఈ పరీక్షల్లో నెగ్గిన ఒక్క తీర్పు మీకు చాలు. ఇంత చిన్న కేసుకు సొంత కాగితాలే బలం. మూడు తీర్పులు పెట్టాలన్న ఆరాటమే మిమ్మల్ని ఈ చిక్కులోకి దించింది.

అవతలి వకీలు చూపిన తీర్పులనూ ఇలాగే వెతకండి. లాయర్లూ ఏఐ వాడుతున్నారు. దొరకకపోతే ఆరోపించొద్దు, “ఈ తీర్పు ప్రతి నాకు దొరకలేదు, ఇప్పించగలరు” అని కోర్టును అడగండి. అది మీ హక్కు.

ఏఐకి ఇంకో గుణముంది. అడిగినవారి పక్షాన మాట్లాడుతుంది. “మా యజమాని అన్యాయంగా నా డబ్బు ఆపాడు, నేను గెలుస్తానా?” అని అడిగితే గెలుస్తారనే వైపే మొగ్గుతుంది. అది విని రాజీకి వచ్చిన మంచి అవకాశాన్ని కాలదన్నుకున్నా నష్టం మీకే. మీరెవరో చెప్పకుండా, “అ అనే వ్యక్తి, ఆ అనే వ్యక్తి” అని రాసి రెండు పక్షాల బలాబలాలూ అడగండి. తర్వాత కొత్త సంభాషణ తెరిచి “నువ్వు ఇంటి యజమాని వకీలువి. ఈ పట్టిక చూసి వాది కేసులో ఐదు బలహీనతలు చెప్పు, ఒక్కోదానికీ వాది దగ్గర ఏ కాగితం ఉంటే నీ వాదన పడిపోతుందో చెప్పు” అనండి. మనసుకు కష్టంగా ఉంటుంది, కానీ మూడు వారాల్లో మీరు చేయగలిగినవాటిలో ఇంత లాభం ఇచ్చేది ఇంకోటి ఉండదు. అందులో మూడు మామూలు అభ్యంతరాలైనా, రెండు మీరు ఊహించనివి ఉంటాయి. ఇల్లు అప్పగించిన రోజు తాళాలు ఎవరికిచ్చారు, సాక్ష్యమేమిటి అన్నది మీ ఉత్తరంలో లేదు. అదీ చూసుకోండి.

సాక్ష్యాల మీద మాత్రం ఏఐ చెయ్యి పడనివ్వకండి. ఇంటి ఫొటోలు మసగ్గా ఉన్నాయని యాప్‌తో స్పష్టం చేయిస్తే అది లేని గీతలు గీస్తుంది, ఉన్న మరకలు చెరిపేస్తుంది. ఆ తర్వాత అసలు ఫొటోనూ ఎవరూ నమ్మరు. ఫోన్లో ఉన్నది ఉన్నట్టు ఉంచండి, తీసిన తేదీ వివరాలు పోకుండా నకలు చేసుకోండి. వాట్సాప్ సంభాషణను ముక్కలుగా కాక, నంబరు, తేదీ కనబడేలా ముందూ వెనకా కలిపి తీయండి. స్క్రీన్‌షాట్ విలువేమిటో చెప్పడానికి మంచి ఉదాహరణ ఉంది. 2024 ఫిబ్రవరిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా సివిల్ రిజల్యూషన్ ట్రైబ్యునల్‌లో ఒక ప్రయాణికుడు ఎయిర్ కెనడా మీద గెలిచాడు. సంస్థ వెబ్‌సైట్‌లోని ఛాట్‌బాట్ టికెట్ రాయితీ గురించి తప్పు చెప్పింది. ఆ మాటల స్క్రీన్‌షాట్ అతని దగ్గరుంది. ఛాట్‌బాట్ మాటకు తమ బాధ్యత లేదన్న సంస్థ వాదన నిలవలేదు.

అఫిడవిట్, సాక్షి వాంగ్మూలం మీ సొంత మాటల్లోనే రాయండి. ప్రమాణం చేసి చెప్పేది మీరు చూసినదీ విన్నదీ. ఏఐ దాన్ని నునుపు చేస్తే, మీరు చెప్పని ‘ఆ రోజు ఉదయం’ అందులో వచ్చి కూర్చుంటుంది. క్రాస్‌లో, అంటే అవతలి వకీలు మిమ్మల్ని ప్రశ్నించేటప్పుడు, దాని మీదే మొదటి ప్రశ్న పడుతుంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ సుప్రీం కోర్టు 2025 ఫిబ్రవరి నుంచి అఫిడవిట్లు, సాక్షి వాంగ్మూలాలు ఏఐతో రాయించడాన్ని నిషేధించింది. కెనడా ఫెడరల్ కోర్టు, దాఖలు చేసే పత్రంలో ఏఐ తయారుచేసిన పాఠం ఉంటే ఆ మాట పత్రంలోనే చెప్పాలంటోంది. వకీలు లేనివారికీ ఆ నియమం వర్తిస్తుంది. మీ కోర్టుకు ఇలాంటి సూచన ఉందేమో వెబ్‌సైట్‌లో చూడండి, కార్యాలయంలో అడగండి.

గోప్యత విషయంలో వకీలుతో మాటలూ యాప్‌తో మాటలూ ఒకటి కావు. వకీలుకు చెప్పినదానికి చట్టం రక్షణ ఇస్తుంది. యాప్‌లో టైపు చేసినదానికి ఆ రక్షణ ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. డిలీట్ చేస్తే పోతుందనీ అనుకోవద్దు. 2025 మేలో అమెరికాలో ఒక కాపీరైట్ కేసులో, వాడకందారులు తీసేసిన సంభాషణలను కూడా భద్రపరచమని ఛాట్‌జీపీటీ తయారుచేసే ఓపెన్‌ఏఐని కోర్టు ఆదేశించింది. కాగితాలు ఎక్కించే ముందు పేర్లు, ఖాతా నంబర్లు, గుర్తింపు కార్డు నంబర్లు, చిరునామా, సంతకాలు తీసేయండి. ‘వాది’, ‘ప్రతివాది’ చాలు. నల్ల గీత గీసిన పీడీఎఫ్‌లో గీత కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేస్తే బయటికొస్తాయి. అందుకని నకలు మీద చెరిపి, దాన్ని మళ్లీ బొమ్మగా స్కాన్ చేయండి. మీ సంభాషణలతో నమూనాకు శిక్షణ ఇవ్వకుండా ఆపే అమరిక ఉంటే ఆపేయండి. కోర్టు ఆదేశం మీద అవతలివారు బయటపెట్టిన వాళ్ల సొంత కాగితాలను (కౌంటర్ లాంటివి కాదు) ఇంకెక్కడా వాడకూడదన్న కట్టుబాటు చాలాచోట్ల ఉంది. వాటిని యాప్‌లో ఎక్కించొద్దు, చేత్తో రాసుకున్న మీ సారాంశం ఎక్కించండి.

గడువులు ఏఐచేత లెక్కించొద్దు. లెక్క నోటీసు తేదీ నుంచా, అందిన తేదీ నుంచా? మొదటి రోజు కలపాలా? చివరి రోజు సెలవైతే? జవాబు మీ కోర్టు నియమాల్లో ఉంటుంది. గడువు తప్పితే మంచి కేసు కూడా అక్కడితో ఆగిపోవచ్చు. కోర్టు కార్యాలయ సిబ్బంది మీరు గెలుస్తారో లేదో చెప్పరు, ఏం రాయాలో చెప్పరు. కానీ ఏ ఫారం, ఎన్ని ప్రతులు, ఏ తేదీలోగా అన్నది చెబుతారు. ఆ మాటలు అడిగిన తేదీతో సహా రాసుకోండి.

ఏఐలో రకాలున్నాయన్నదీ గుర్తుంచుకోండి. కొన్ని కోర్టులు, సహాయ సంస్థలు ప్రశ్న తర్వాత ప్రశ్న అడుగుతూ సరైన ఫారం దగ్గరికి చేర్చే సాధనాలు నడుపుతాయి. ఇందాక చెప్పిన బ్రిటిష్ కొలంబియా ట్రైబ్యునల్‌కు అలాంటిది ఉంది. దాని జవాబులు న్యాయ నిపుణుల జ్ఞానం నుంచి ముందే కూర్చినవి, అప్పటికప్పుడు అల్లినవి కావు. మీ దగ్గర అలాంటిది ఉంటే మామూలు ఛాట్‌బాట్ కంటే ముందు దాన్నే వాడండి. ‘రోబో లాయర్’ అని ప్రచారం చేసుకునేవాటిని మాత్రం నమ్మకండి. ఆ మాటతో అమ్ముకున్న డూనాట్‌పే అనే సంస్థ మీద వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో చర్య తీసుకుంది. సాధనం మనిషి లాయరుకు సాటి వస్తుందో లేదో సంస్థ పరీక్షించనే లేదన్నది ఆరోపణ. చివరికి 1,93,000 డాలర్లు కట్టడానికి సంస్థ ఒప్పుకుంది.

ఈ ఉత్తరం చదివే మిగతావారికి ఒక మాట. అరెస్టు, బెయిలు, పిల్లల సంరక్షణ, ఇంట్లో హింస, దేశం నుంచి పంపించేసే ఉత్తర్వు, రెండు మూడు రోజుల్లో ముగిసే గడువు – ఇలాంటి వాటిలో ఏఐతో ఒంటరిగా కూర్చోవద్దు. ఉచిత న్యాయ సహాయ కేంద్రానికి వెళ్లండి. హింస ఉన్న ఇంట్లో అయితే ఇద్దరూ వాడే ఫోన్లో ఛాట్ చరిత్ర మిగిలి ఉండడమే ప్రమాదం.

మీ కేసు అంతటిది కాదు, మీరే నడపగలరు. అయినా ఈ మూడు వారాల్లో ఒక్కసారి న్యాయ సహాయ కేంద్రంలోనో, ఒక గంటకు ఫీజు తీసుకునే వకీలు దగ్గరో కూర్చోండి. కలగాపులగం కాగితాలతో వెళ్తే ఆ గంట కథ చెప్పడానికే సరిపోతుంది. ఒక పేజీ తేదీల పట్టిక, ‘ఒప్పుకుంటున్నాను, కాదంటున్నాను’ పట్టిక, ఏఐ చూపిన ఐదు బలహీనతలు, మూడు ప్రశ్నలు – వీటితో వెళ్లండి. మొదటి ప్రశ్న మెమో గురించి, రెండోది తాళాల అప్పగింత సాక్ష్యం గురించి, మూడోది రాజీకి ఎంత దాకా దిగొచ్చన్నది.

చివరి వారం నోటితో సాధన చేయండి. జడ్జిలా మధ్యలో ఆపి, ఒక్కొక్కటిగా పది ప్రశ్నలు అడగమని ఏఐకి చెప్పండి. మీ ప్రతి జవాబూ రెండు వాక్యాల్లో ముగిసి, ఒక ప-సంఖ్యతో ఆగాలి. మొదటి మూడు నిమిషాల్లో చెప్పాల్సింది ఇంతే: ఎంత సొమ్ము ఇచ్చారు, ఏ తేదీన ఖాళీ చేశారు, నోటీసు ఏ కాగితంలో ఉంది, ఎంత తిరిగి రావాలి. దాన్ని చూడకుండా చెప్పగలిగేదాకా బిగ్గరగా చదవండి. వాయిదా రోజు కాగితాల కట్ట మూడు ప్రతులు తీసుకెళ్లండి, జడ్జికి, అవతలివారికి, మీకు. పేజీ నంబర్లు మూడింట్లోనూ ఒకటే ఉండాలి. అనుమతి లేకుండా కోర్టు హాల్లో ఫోన్ రికార్డింగు, మాటలను రాతలోకి మార్చే యాప్ పెట్టొద్దు. “ఏఐ వాడారా?” అని అడిగితే ఉన్నది చెప్పండి: “తేదీల పట్టిక వేయడానికి, కౌంటర్ అర్థం చేసుకోవడానికి వాడాను. ప్రతి వరసనూ అసలు కాగితంతో పోల్చుకున్నాను. తీర్పుల విషయంలో జరిగిన పొరపాటుకు ఫలానా తేదీన మెమో వేశాను.”